ముప్పై నాలుగో పాఠం

సోమవారం పొద్దున మాస్టారి బల్ల మీద ఒక కాగితం ఉంది. సంతకం పెట్టాల్సిన చోట పెన్సిలుతో చిన్న ఇంటూ గుర్తు వేసి ఉంది. సిబ్బంది విభాగం ఆవిడకు అది అలవాటు. ఎవరు ఎక్కడ సంతకం పెట్టాలో ఆవిడ చూపిస్తుంది. ఎందుకు పెట్టాలో వాళ్లే చదువుకోవాలి.

మాస్టారు పై నాలుగు వరుసలు చదివాడు. సందేహాల విభాగంలో పదహారో బల్ల దగ్గర పనిచేసే అమ్మాయి, లెక్కల ముప్పై నాలుగో పాఠంలో తప్పుందని పిల్లలకు రాసింది. ఒకరికి కాదు, పంతొమ్మిది మందికి. ఆ పాఠం సరైనదేనని లెక్కల విభాగం పెద్ద ధ్రువీకరించాలి. ఆ పెద్ద ఆయనే. పాఠం చెప్పిందీ ఆయనే.

జేబులోంచి పెన్ను తీశాడు. మూత తీశాడు. ముప్పై ఒక్క ఏళ్లుగా లెక్కలు చెబుతున్నాడు. అందులో తొమ్మిదేళ్లు ఈ సంస్థలోనే. సైకిళ్ల కొట్టు మీది గదిలో, పుస్తకాల దొంతరకు ఫోను ఆనించి, పదకొండు మంది పిల్లలకు మొదలుపెట్టిన చదువు ఇది. ఇప్పుడు నాలుగు అంతస్తులు. కింద తలుపు తీయగానే గోడ మీద ఆయన ఫొటో మనిషికంటే ఎత్తున ఉంటుంది. ఇన్నేళ్లలో ఆయన లెక్క తప్పని ఎవరూ కాగితం మీద పెట్టలేదు.

పెన్ను మూత పెట్టేశాడు. "ఆ అమ్మాయిని ఒకసారి రమ్మనండి" అన్నాడు.

ఆమె మెడలో హెడ్‌ఫోన్లు అలాగే ఉంచుకుని వచ్చింది. పాతికేళ్లు దాటి ఉంటాయి. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"పర్లేదండీ. పది నిమిషాలు దాటితే సీటు ఖాళీ అని కంప్యూటర్లో పడిపోతుంది."

"నా పాఠం తప్పన్నావట."

"పాఠం కాదండీ. చివరి లెక్క."

"ఏ లెక్క?"

"ఒకతను గంటకి నలభై కిలోమీటర్ల వేగంతో వెళ్లి, అదే దారిలో అరవైతో తిరిగొచ్చాడు. సగటు వేగం యాభై అని చెప్పారు మీరు."

"చెప్పను."

"చెప్పారండీ."

"ఏడో తరగతి పిల్లలు చేసే తప్పు నేను చేస్తానా?"

"నేనూ అదే అనుకున్నానండీ. అందుకే మూడుసార్లు చూశాను." ఆమె గోడ గడియారం వైపు ఒకసారి చూసింది. "దూరం నూట ఇరవై అనుకుంటే వెళ్లడానికి మూడు గంటలు, రావడానికి రెండు. అయిదు గంటల్లో రెండొందల నలభై. నలభై ఎనిమిదే కదండీ."

"నాకు నేర్పుతున్నావా?"

"పిల్లలకి రాసింది చెబుతున్నాను."

మాస్టారు కాగితాన్ని ఇటు తిప్పి అటు తిప్పాడు. "తప్పు కనబడితే నాతో చెప్పాలి గానీ ఊరంతా చాటించడమేమిటి?"

"మూడు నెలల కిందట రాశానండీ. మీకు నేరుగా రాసే వీలు మాకు లేదు. నేను మా పైవాళ్లకి రాస్తే, వాళ్లు వాళ్ల పైవాళ్లకి రాయాలి. ఎక్కడో మెట్ల మీద ఆయాసపడి కూర్చుండిపోయి ఉంటుంది."

"మరి ఇప్పుడెవరు పైకి తెచ్చారు?"

"ఒక పిల్లాడి నాన్న. 'మీ మాస్టారు యాభై అంటాడు, మీ గుమస్తా నలభై ఎనిమిది అంటుంది, మీ ఇద్దరిలో ఎవరికి లెక్కలొచ్చు' అని రాశాడు."

మాస్టారికి నవ్వు రాలేదు. "నేను చూసుకుంటాను. నువ్వెళ్లు" అన్నాడు.

ఆమె తలుపు దగ్గర ఆగింది. "మాస్టారూ, నాకు ఈ ఉద్యోగం కావాలండీ. మా ఆయనకి పని పోయి ఏడు నెలలైంది." టైమెంతైందో చెప్పినట్టు చెప్పి వెళ్లిపోయింది.

ఆయన తన పాఠాలు తాను ఎప్పుడూ చూసుకోలేదు. వండినవాడు తన వంట తిననట్టే. ముప్పై నాలుగో పాఠం తెరిచి చివరి లెక్క దగ్గరికి జరిపాడు. తెర మీద జుట్టు నల్లగా ఉన్న మనిషి, మోచేతి దాకా సుద్దపొడితో, నల్లబల్ల మీద నలభై వేశాడు, అరవై వేశాడు. అంతలో ఎక్కడో ఫోను మోగింది. తెర మీది మనిషి అటు చూశాడు. మూడుసార్లు మోగి ఆగిపోయింది. ఆ తర్వాత సుద్దముక్క పరుగు పెట్టింది. రెండూ కలిపితే వంద, సగం చేస్తే యాభై. "ఇంతే. రేపు కలుద్దాం."

ఆ ఫోను ఎవరిదో మాస్టారికి తెలుసు. ఆసుపత్రి నుంచి భార్య చేసింది. వచ్చేటప్పుడు దువ్వెన తెమ్మని చెప్పడానికి. ఆయన తీసుకెళ్లాడు. వారం తిరగకుండానే దువ్వెనను తిరిగి ఇంటికి తెచ్చుకున్నాడు.

తప్పు తనదే. కానీ అది మర్నాడే దిద్దినట్టు కూడా గుర్తుంది. ముప్పై అయిదో పాఠం మొదట్లోనే చెప్పాడు. 'నిన్న నేను తప్పు చేశాను, అందరూ కొట్టేసి మళ్లీ రాసుకోండి' అన్నాడు. ఆ పాఠం తెరిచాడు. తెర మీది మనిషి ఉన్నట్టుండి కాలువల లెక్కలో దిగాడు. ముందు మాట లేదు, పలకరింపు లేదు. మళ్లీ మొదటికి జరిపాడు. మళ్లీ కాలువలే.

మూడో అంతస్తులో వీడియోలు సరిచేసే ఆయన్ని అందరూ కత్తెర అంటారు. ఆయనా అలాగే పలుకుతాడు. రెండు తెరల ముందు కాళ్లు చాపుకుని పల్లీలు నములుతున్నాడు.

"ముప్పై అయిదో పాఠంలో మొదటి రెండు నిమిషాలు ఏవయ్యా?"

"ఒక్క ముప్పై అయిదులోనే ఏంటి మాస్టారూ, రెండొందల పన్నెండు పాఠాల్లోనూ లేవు. మీరు మొదట హాజరు పిలిచేవారు కదా."

నిజమే. తెర అవతలి పదకొండు మందినీ పేరు పేరునా పిలిచి, ఒక్కొక్కరి తర్వాత ఒక క్షణం ఆగేవాడు. వినబడదని తెలుసు. బడిలో ఇరవై రెండేళ్ల అలవాటు.

"లక్షల మంది చూసే పాఠంలో పదకొండు మందికి హాజరు వేస్తే ఎవడు కూర్చుంటాడు? మొదటి రెండు నిమిషాల్లోనే సగం మంది పారిపోతున్నారని తేలింది. రెండేళ్ల కిందట అన్నింటికీ ఒకేసారి కోత పెట్టాం."

"కోసే ముందు ఎవరైనా విన్నారా?"

"యంత్రం కోసింది. యంత్రం వింటుందా?" కత్తెర కాళ్లు దించి తిన్నగా కూర్చున్నాడు. "ఏం పోయింది?"

"దిద్దుబాటు."

కత్తెర నమలడం ఆపాడు. "గడ్డం గీయమంటే గొంతు కోశామన్నమాట."

"అసలు రికార్డింగులు?"

"ఈ భవనంలోకి మారినప్పుడు చోటు లేదని చెరిపేశారు. మీరు సరేనన్నాకే చేశాం మాస్టారూ. మీ సంతకం ఉంది."

ఉండే ఉంటుంది. పెన్సిలు గుర్తు వేసి ఉంటారు.

మంగళవారం యజమాని గదికి వెళ్లాడు. మాస్టారి దగ్గర పదో తరగతి చదివినవాడే. సైకిళ్ల కొట్టు మీది గదిలో పుస్తకాల దొంతర కూలకుండా పట్టుకుని నిలబడినవాడు. ఇప్పటికీ మాస్టారు వస్తే లేచి నిలబడతాడు. నిలబడటానికి ఖర్చేమీ లేదు.

అంతా విని, "ఎంత పని జరిగింది" అన్నాడు.

"ఇరవై నిమిషాల పని బాబూ. మళ్లీ చెబుతాను. పాతది తీసేసి ఇది పెట్టెయ్యండి."

"తీస్తే చూసినవాళ్ల లెక్క సున్నా నుంచి మొదలవుతుంది మాస్టారూ. కోటీ ఇరవై లక్షలు. మన దగ్గర అంతమంది చూసిన పాఠం ఇంకోటి లేదు. గురువారం పెట్టుబడి పెట్టేవాళ్లు వస్తున్నారు. వాళ్లకి ముందు చూపించేది అదే."

"పోనీ కింద సవరణ అని ఒక ముక్క రాయండి."

"రాస్తే తప్పుందని మనమే చాటుకున్నట్టు."

"ఉంది కదా."

"ఉందని మనకి తెలుసు." యజమాని బల్ల మీది అద్దాన్ని చొక్కా అంచుతో తుడిచాడు. "ఒక్క నెల ఆగండి. వాళ్ల సంగతి తేలనివ్వండి. తర్వాత మీరు ఎలా అంటే అలా."

"నెలలో ఎంతమంది చూస్తారు?"

"మూడు లక్షలు ఎక్కడికీ పోవు" అన్నాడు యజమాని ఉషారుగా. అన్నాక మాస్టారి మొహం చూసి అద్దం తుడవడం ఆపాడు.

"ఆ అమ్మాయి సంగతి?"

"అది సిబ్బంది విభాగం చూసుకుంటుంది. నేను వేలు పెట్టను. ఒకరి విషయంలో పెడితే అందరూ చెయ్యి పట్టుకుంటారు." మాస్టారు లేస్తే తానూ లేచాడు. "గురువారం ఆ తెల్ల చొక్కా వేసుకోండి. ఫొటోలో ఉన్నది."

కాగితం మాస్టారి చొక్కా జేబులోనే ఉంది. సంతకం పెట్టలేదు, పెట్టడు. తాను పెట్టనంతకాలం ఆ అమ్మాయి ఉద్యోగానికి ఎవరూ చెయ్యి వెయ్యలేరు. అలా అనుకుంటూ మెట్లు దిగాడు. లిఫ్టు ఉంది గానీ కాళ్లు ఒకచోట నిలవడం లేదు. ఇంటికి బస్సు ఎక్కి, రెండు స్టాపుల ముందే దిగి నడిచాడు.

ఇంట్లో అక్క ఉంటుంది. ఇద్దరి జీవితాల్లోనూ మిగిలింది ఆ రెండు గదులే. వాకిట్లో స్టూలు మీద కూర్చుని చిక్కుళ్లకు ఈనె తీస్తోంది.

"ఏంట్రా, జేబు మీద చెయ్యేసుకుని తిరుగుతున్నావు? గుండెలో నొప్పా?"

"కాగితం."

"నొప్పే నయం. మాత్ర ఉంటుంది."

చెప్పాడు. అక్క లెక్క గురించి అడగలేదు. ఆమె చదివింది మూడో తరగతి.

"తప్పు నీదా, ఆ పిల్లదా?"

"నాదే."

"నాదే అని రాయడానికి రెండక్షరాలు. దానికి రెండు రోజులా?"

"నేను సంతకం పెట్టలేదు కదే."

"గోడ మీద పిల్లిలా కూర్చున్నావన్నమాట."

"గోడ మీద ఉన్నది నా ఫొటో."

"ఫొటో మేకుకి వేలాడుతుంది. నువ్వు దేనికి వేలాడుతున్నావురా?"

ఆయన చెప్పులు విప్పలేదు. మళ్లీ వీధిలోకి నడిచాడు. తప్పు దిద్దాలని ఆయనకూ ఉంది. దిద్దినట్టు మాత్రం ఎవరికీ తెలియకూడదు. రెండూ కుదిరే దారి ఎక్కడైనా ఉందేమోనని వీధి చివరిదాకా వెళ్లి వచ్చాడు. మళ్లీ వెళ్లాడు.

బుధవారం పొద్దంతా గురువారం కోసం తాలీము. హాల్లో నేల మీద ఎర్ర టేపుతో గీత వేసి, మాస్టారు అక్కడ నిలబడాలన్నారు. ఎడమవైపు జరిగితే ఫొటోకు అడ్డం, కుడివైపు జరిగితే తెరకు అడ్డం. ఒక పొడుగాటి మనిషి ఆయన గడ్డాన్ని రెండు వేళ్లతో పట్టుకుని వెలుతురు వైపు తిప్పాడు. పశువుల సంతలో తిప్పినట్టు.

అది అయ్యేసరికి రెండు దాటింది. మాస్టారు తన బల్ల దగ్గరికి వచ్చి కాగితం విప్పాడు. నిలబడే రాశాడు. 'పాఠం తప్పు. ఆ అమ్మాయి చెప్పింది ఒప్పు. తప్పు నాది.' పెన్సిలు గుర్తు మీద కాకుండా దాని కింద సంతకం పెట్టాడు. సిబ్బంది విభాగం ఆవిడకు తీసుకెళ్లి ఇచ్చాడు. ఛాతీ కొంచెం తేలికైంది. మంచి పని చేశానన్న బరువు కూడా కొంచెం ఎక్కింది.

ఆవిడ చదివి, "ఇది నిన్ననే అయిపోయింది కదండీ" అంది.

"ఏది?"

కాగితం తిప్పి అడుగున వేలు పెట్టింది. చీమల బారులా సన్నటి అక్షరాలు. రెండు పనిదినాల్లో జవాబు రాకపోతే ధ్రువీకరించినట్టే భావించబడును.

"సోమవారం, మంగళవారం. రెండయ్యాయి."

"నేను సంతకం పెట్టలేదు."

"పెట్టకపోతే పెట్టినట్టే మాస్టారూ. పదిమంది ఉన్నప్పుడు వెంటపడి అడిగేవాళ్లం. ఇప్పుడు ఇంతమంది. ఎంతమంది వెనక తిరుగుతాం?"

ప్రశ్న చివరిదాకా చదవండని ముప్పై ఒక్క ఏళ్లు పిల్లల వీపు మీద చరిచి మరీ చెప్పినవాడు. ఆయన ఆ అక్షరాలను రెండోసారి చదివాడు.

"ఇప్పుడిస్తున్నాను. చేర్చండి."

"చేర్చమంటే చేరుస్తాను. ఆ అమ్మాయికే చెడ్డ." ఆవిడ సొరుగులోంచి ఇంకో కాగితం తీసింది. "పొద్దున్నే రాసిచ్చేసింది."

దస్తూరి ముత్యాల్లా ఉంది. 'పాఠం సరైనదే. నాకు అర్థం కాక పిల్లలను తప్పుదారి పట్టించాను. క్షమించగలరు.'

"వెళ్లిపోవడమో, ఇది రాయడమో అన్నాం. మంచి పిల్ల. పోగొట్టుకోవడం నాకూ ఇష్టం లేదు" అంది ఆవిడ. అబద్ధం చెబుతున్నట్టు లేదు.

మాస్టారు తన కాగితం వెనక్కి తీసుకున్నాడు.

రెండో అంతస్తులో సందేహాల విభాగం. అరవై నాలుగు బల్లలు, అరవై నాలుగు వీపులు. పిల్లలు అడిగేవి తెర మీద వరసగా దిగుతుంటాయి, వీళ్లు కొట్టి పంపుతుంటారు. పదహారో బల్ల అమ్మాయి ఆయన్ని చూసింది గానీ వేళ్లు ఆపలేదు.

"ఎందుకు రాశావమ్మా అలా?"

"పాఠం సరైనదేనని మీరు ఒప్పుకున్నారన్నారండీ."

"నేను అనలేదు."

"కాదని కూడా అనలేదు కదండీ."

ఆయన కాగితం ఆమె ముందు పెట్టాడు. ఆమె ఒక జవాబు పంపేసి, ఇంకోటి దిగేలోపు చదివింది. "బాగుందండీ" అంది. మడిచి ఆయన చేతిలోనే పెట్టింది. "ఎవరికీ ఇవ్వకండి."

"నిజం రాశాను."

"సోమవారం రాస్తే నిజమయ్యేది. ఇప్పుడు మీది నిజమైతే నాది అబద్ధం. అబద్ధం రాసిచ్చిందని ఇంకో నోటీసు. అసలే నెల రోజులు కనిపెట్టి చూస్తారట." ఆమె తెర అడుగున చూపించింది. ప్రతి జవాబు కింద, 'ఈ జవాబు మీకు ఉపయోగపడిందా?' అన్న ప్రశ్న. అవును, కాదు. అడిగినవాళ్లు నొక్కాలి. "నెలలో పది 'కాదు'ల దాకా అందరికీ మాఫీ. నాకు ఒక్కటి పడితే ఇంటికే."

"యజమానితో నేను మాట్లాడతాను. నా శిష్యుడే."

"మీరు మాట్లాడకుండా ఉండండి మాస్టారూ. అది చాలు."

కోపం లేదు. కోపానికి కూడా టైము పడుతుంది. పదిహేడో బల్ల ఆవిడ హెడ్‌ఫోను ఒకవైపు ఎత్తి, పైకప్పులో ఉన్న కెమెరా వైపు కళ్లెగరేసింది. "ఎక్కువసేపు నించోకండి బాబాయిగారూ. మీ ఫొటో పక్కన మావీ పెడతారు."

గురువారం నలుగురు వచ్చారు. ముగ్గురు మగవాళ్లు, ఒక పెద్దావిడ. మాస్టారు తెల్ల చొక్కాలో ఎర్ర టేపు మీద నిలబడ్డాడు. సిబ్బందిని హాలు వెనక వరసలుగా నిలబెట్టారు. తెర మీద ముప్పై నాలుగో పాఠం నడిచింది. నలభై, అరవై. ఫోను మోగింది. హాల్లో ఎవరో తమదేమోనని జేబు తడుముకున్నారు. వంద, సగం, యాభై. "ఇంతే. రేపు కలుద్దాం." చప్పట్లు కొట్టారు. కోట్లు తిప్పేవాళ్లు నలుగురున్నారు, ఒక్కరి మొహంలోనూ అనుమానం లేదు.

పెద్దావిడ మాస్టారి వైపు తిరిగింది. "మీ పాఠాలన్నింటిలో మీకు బాగా నచ్చింది ఇదేనా?"

వెనక వరసలో పదహారో బల్ల అమ్మాయి ఉంది. ఆయన వైపు చూడటం లేదు. తన చెప్పుల వైపు చూసుకుంటోంది. పక్కనున్న ఆవిడ ఆమె మోచెయ్యి పట్టుకుని ఉంది.

"ముప్పై అయిదోది" అన్నాడు మాస్టారు.

"ఆయనంతే" అని యజమాని నవ్వాడు. "ఎప్పుడూ తర్వాతి పాఠం మీదే ధ్యాస." మళ్లీ చప్పట్లు.

వాళ్లు టీలకు పైకి వెళ్లగానే మాస్టారు బయటికి వచ్చి, రెండో అంతస్తుకూ మూడో అంతస్తుకూ మధ్య మెట్ల మీద కూర్చున్నాడు. లేచాడు. మళ్లీ కూర్చుని ఫోను తీశాడు. ఇన్నేళ్లలో సంస్థ యాప్‌ను ఆయన పిల్లల వైపు నుంచి తెరవలేదు. పేరు అడిగింది. తన పేరు పెడితే పట్టుకుంటారు. అక్క పేరు పెట్టాడు. తరగతి అడిగింది. ఏడు అని నొక్కాడు. 'స్వాగతం చిట్టి నేస్తమా' అంది.

ముప్పై నాలుగో పాఠం కింద 'సందేహం అడగండి' అని గడి. అక్కడ రాసింది అందరికీ కనబడుతుంది. సంతకాలతో పనిలేదు, ఎవరి ఉద్యోగానికీ ముప్పు లేదు, పదిమంది పిల్లలైనా చదువుతారు. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టాడు. 'చివరి లెక్క తప్పు. జవాబు యాభై కాదు, నలభై ఎనిమిది. దూరం నూట ఇరవై అనుకుని చేసి చూడండి.' పంపాడు.

పిల్లలే ముందు వచ్చారు.

'మాస్టారికంటే నీకెక్కువ తెలుసా?'

'ముందు పాఠం మొత్తం చూడు, తర్వాత మాట్లాడు.'

'మాస్టారు తప్పు చెప్పరు. మా అన్నయ్య కూడా ఈయన దగ్గరే నేర్చుకున్నాడు.'

'ఏడో తరగతికి వచ్చి కూడా సగం చెయ్యడం రాదు పాపం.'

దాని కింద నలభై మంది నవ్వు బొమ్మలు పెట్టారు. ఒక్కరూ నూట ఇరవై వేసి చూడలేదు. చెప్పినది చెప్పినట్టు నమ్మడం వాళ్లకు బాగా వచ్చింది. నేర్పింది ఎవరో ఆయనకు తెలుసు.

పావుగంట తర్వాత ఫోను చిన్నగా మోగింది. సంస్థ జవాబు వచ్చింది.

'పాఠంలో చెప్పినదే సరైనది. దయచేసి పాఠాన్ని మరోసారి శ్రద్ధగా చూడగలరు. బల్ల 16.'

అరవై నాలుగు బల్లల్లో ఏదో ఒకటి జవాబిస్తుందనుకున్నాడు. పైకి జరిపి చూస్తే, నిన్నటి నుంచి వచ్చిన జవాబులన్నిటి కిందా బల్ల 16 అనే ఉంది. ఆ పాఠం మీద వచ్చే సందేహాలన్నీ నెల రోజులపాటు ఆ అమ్మాయికే తిప్పారని ఇప్పుడు తెలిసింది. తప్పని తెలిసిన ఆ జవాబును, రోజూ, వచ్చిన ప్రతి పిల్లవాడికీ ఆమె చేతే చెప్పిస్తారు. ఇవాళ్టి దాన్ని తానే అడిగి మరీ చెప్పించాడు.

జవాబు అడుగున ప్రశ్న వచ్చింది. ఈ జవాబు మీకు ఉపయోగపడిందా?

మెట్ల మీద నుంచి ఎవరో దిగుతూ, "మాస్టారూ, పైన మీకోసం చూస్తున్నారు, ఫొటో తీస్తారట" అన్నారు. వస్తున్నానని చెయ్యెత్తాడు. వేలు ఫోను మీదికి దించి 'అవును' నొక్కాడు. అది పచ్చగా మారేదాకా వేలు తియ్యలేదు.